గుర్రపు వెంట్రుకల్లో జడ

మా కార్ఖానాలో పాత పరుపులు విప్పే బల్ల ఒకటి ఉంది. ముప్ఫై ఏళ్ళ పాటు దాని దగ్గర మా మేనత్త తప్ప ఇంకెవరూ కత్తెర పట్టలేదు. కొత్త పరుపులు కుట్టేవాళ్ళు పన్నెండు మంది. పాతవాటి కుట్లు విప్పేది ఆమె ఒక్కతే. అందుకే పనివాళ్ళు ఆమెను కుట్లత్త అనేవారు. బయటివాళ్ళకు అది పనితనంలా కనిపించేది, మా నాన్నకు చాదస్తంలా కనిపించేది. అసలు సంగతి మాకు తెలిసేనాటికి అత్తకు యాభై రెండేళ్ళు. అప్పటికి నలభై ఒక్క ఏళ్ళుగా ఆమె దాన్ని కట్టుకున్నవాడికి కూడా చెప్పకుండా మోస్తోంది.

మా ముత్తాత భుజాన విల్లు వేసుకుని ఇంటింటికీ తిరిగి దూది ఏకేవాడు. తాతకు ఆ తిరుగుడు నచ్చలేదు. ఓడల్లో కెప్టెన్ల గదులకు పరుపులు కుట్టే ఒక ముసలాయన దగ్గర ఆరేళ్ళు ఊడిగం చేసి గుర్రపు వెంట్రుకల పని నేర్చుకుని వచ్చాడు. గుర్రం తోక వెంట్రుకలను కడిగి, తాడులా బిగించి పేని, నీళ్ళలో ఉడికించి, ఆ తాళ్ళను నెలల తరబడి ఆరబెడతారు. తర్వాత పురి విప్పితే ఒక్కో వెంట్రుకా ఉంగరాలు తిరిగి సన్నని స్ప్రింగులా తయారవుతుంది. మనిషి పడుకుంటే లొంగుతుంది, లేస్తే తానూ లేస్తుంది. "దూది బరువు మోసి మోసి చచ్చిపోతుందండీ. ఇది చావదు" అనేవాడు తాత, కొనడానికి వచ్చినవాళ్ళ చేతిలో ఒక గుప్పెడు పెట్టి. ఒక్కో పరుపు పూర్తి కావడానికి పది, పన్నెండు రోజులు పట్టేది. నింపడం ఒక్కపూట పని. అంచులు చేత్తో నాలుగు వరసలు కుట్టి, పైనుంచి కిందికి జానెడు సూదితో దారం దించి, రెండు వైపులా ఉన్ని గుత్తులు పెట్టి బిగించడానికే మిగతా రోజులన్నీ పోయేవి.

వెంట్రుకల గది కార్ఖానా వెనక ఉండేది. ఎత్తున ఒకే కిటికీ. నేలంతా నల్లవి, గోధుమరంగువి, బూడిదరంగువి కుప్పలు. తడిసిన పశువు వాసన. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటే మన మాట మనకే వినిపించదు, ఆ కుప్పలు శబ్దాన్ని మింగేస్తాయి.

తాతకు ముగ్గురు పిల్లలు. పెద్దపాప, తర్వాత మా నాన్న, ఆఖరున చిన్నపాప. ఈ చిన్నపాపే మా అత్త. పెద్దపాప పదహారేళ్ళకే అంచు కుట్టులో తండ్రిని మించిపోయింది. ఆమె జడ నడుము దాటి వేలాడేది. పనిచేస్తున్నప్పుడు అడ్డం రాకుండా దాన్ని మెడచుట్టూ కండువాలా వేసుకునేది. "నీ జడ కోసి నింపితే రెండు తలగడలు వస్తాయే" అని తాత ఏడిపిస్తే, "మూడొస్తాయి నాన్నా, నీకే లెక్క తెలీదు" అనేది.

ఆ ఏడాది వానలు మొదలవుతూనే పెద్దపాపకు జ్వరం తగిలింది. రెండు వారాలైనా దిగలేదు. చెమటకూ మంచం రాపిడికీ జుట్టు మాడు దగ్గర అట్టలు కట్టి, దువ్వెన దిగకుండా అయిపోయింది. డాక్టరు తీసేయమన్నాడు. మా నాయనమ్మ జడను పై నుంచి కింది దాకా మళ్ళీ గట్టిగా అల్లి, రెండు చివరలా రిబ్బను కట్టి, మెడ దగ్గర కత్తిరించింది.

"కాల్చకండమ్మా, తగ్గాక సవరం చేయించుకుంటాను" అంది పెద్దపాప.

"సరేలేవే" అని నాయనమ్మ బయటికి వచ్చి, జడను పదకొండేళ్ళ చిన్నకూతురి చేతిలో పెట్టి మెల్లగా చెప్పింది. "జబ్బు పట్టిన జుట్టు ఇంట్లో ఉండకూడదు. తీసుకెళ్ళి పొయ్యిలో వెయ్యి. అక్కకి చెప్పకు."

చిన్నపాప పొయ్యి దాకా వెళ్ళింది. వెయ్యడానికి చేతులు రాలేదు. ఎక్కడ దాస్తే అమ్మకు దొరకదు? ఇంట్లో అమ్మ చెయ్యి పడని మూల లేదు. వెంట్రుకల గదిలోకి వెళ్ళి గోధుమరంగు కుప్పలో మోచేతి లోతున కుక్కింది. వెంట్రుకల్లో వెంట్రుకలు ఎవరికి కనిపిస్తాయి అనుకుంది. అక్కకు చెప్తే అక్క నవ్వింది.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి ఆ కుప్ప లేదు. బల్లల మీద మూడు పెద్ద జంట పరుపులు నిండుగా పడుకుని ఉన్నాయి. రేవులో మంచాలు, పరుపులు అమ్మే వ్యాపారి పెళ్ళిళ్ళ కోసం తొందరగా కావాలని కబురు పెట్టాడట. తాతా, పద్నాలుగేళ్ళ మా నాన్నా కలిసి పొద్దుటి నుంచీ కూర్చుని నింపేసి మూతి కుట్టేశారు.

జడ మూడింటిలో ఎందులో ఉందో తెలియదు. చెప్తే మూడూ విప్పాలి. చెప్తే అమ్మ మాట వినలేదని తెలుస్తుంది. తాత కోపిష్టి కాడు. అయినా ఆ పిల్లకు నోరు పెగల్లేదు.

"నా జడ ఏదే?" అని అడిగేది అక్క, చిన్నపాప బడి నుంచి రాగానే.

"ఉంది. జాగ్రత్తగా ఉంది."

పరుపులు ఇంకా కార్ఖానాలోనే ఉన్నాయి. అత్తను చివరిదాకా తిన్నది అదే. తొమ్మిది రోజులు అవి కళ్ళముందే ఉన్నాయి. రోజుకో వరస కుట్టు పడుతోంది. రోజురోజుకూ చెప్పడం ఇంకా కష్టమవుతోంది. ఐదో రోజు మధ్యాహ్నం పనివాళ్ళు భోజనానికి వెళ్ళినప్పుడు కత్తెర తీసుకుని ఒక పరుపు మూల నాలుగు కుట్లు కోసింది. తాత వచ్చి చూశాడు. చేతిలో కత్తెర లాక్కుని, జీవితంలో మొదటిసారీ చివరిసారీ ఆమెను కొట్టాడు. "అక్క అక్కడ అలా ఉంటే నీకు ఇక్కడ ఆటలా?" అన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

తొమ్మిదో రోజు అక్క గొంతు బాగా పీలగా అయిపోయింది. "ఒక్కసారి తెచ్చి చూపించవే" అంది.

"రేపు తెస్తాను."

మర్నాడు పదకొండు గంటలకు పెద్దపాప పోయింది. సాయంత్రం రేవు వ్యాపారి బండి వచ్చి మూడు పరుపులూ ఎక్కించుకుపోయింది. ఏడుస్తూ ఉన్న ఇంట్లోంచి తాత లేచి వచ్చి తాళ్ళు కట్టించాడు, మాటిచ్చాడు కాబట్టి.

తర్వాత చిన్నపాప వెంట్రుకల గదిలోనే ఎక్కువ గడిపేది. పిల్లకు పని మీద ధ్యాస కలిగిందని తాత సంబరపడి నేర్పడం మొదలుపెట్టాడు. పద్దెనిమిదేళ్ళకు ఆమె కుట్టు, అక్క కుట్టు పక్కపక్కన పెడితే గుర్తుపట్టడం కష్టమయ్యేది. ప్రతి ఉదయం పురి విప్పిన వెంట్రుకలను ఇనుప దువ్వెనల మీద లాగుతున్నప్పుడు ఆమెకు "నా జడ ఏదే?" అని వినిపించేదట. దయ్యంలా కాదు, పక్క గదిలోంచి అడిగినట్టు, జ్వరపు గొంతుతో. జవాబు పైకి అనేది కాదు. పెదాలు మాత్రం కదిలేవి. లెక్కపెట్టుకుంటోందని అనుకునేవాళ్ళం.

మంచాలు చేసే వడ్రంగితో ఆమెకు పెళ్ళయింది. మేకు కొట్టకుండా చెక్కలో చెక్క దిగేట్టు మంచం బిగించడంలో ఆయనను మించినవాడు లేడు. వడ్రంగుల లెక్కలో నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఏది చూసినా "ఒక నూలు తగ్గింది", "ఒక నూలు ఎక్కువైంది" అనేవాడు కాబట్టి ఆయన మాకు నూలు మామయ్య. అత్త పరుపు మీద పడుకునేది కాదు. "రాజులు పడుకునే పరుపులు కుట్టేవాళ్ళింటికి అల్లుడినయ్యాను. నా యోగం చూడండి, చాప" అని అందరికీ చెప్పుకునేవాడు. ఎందుకని ఆమెను రెండుసార్లు అడిగి, మూడోసారి అడగడం మానేశాడు.

ఇరవై మూడేళ్ళప్పుడు అత్త ఒక కోరిక కోరింది. మేం కుట్టిన ఏ పరుపునైనా పదేళ్ళకోసారి వెనక్కి తెచ్చుకుని, విప్పి, వెంట్రుకలు కడిగి, ఆరబెట్టి, మళ్ళీ నింపి ఊరికే ఇద్దామంది. పాతికేళ్ళ కిందటివైనా సరే అంది.

"నీకు మతిపోయిందా? కొత్తవి కొనేదెవరు?" అన్నాడు మా నాన్న.

"నాన్న చావదని చెప్పి అమ్మాడుగా. మరి చావకుండా చూడొద్దూ?"

తాతకు ఆ మాట బాగా నచ్చింది. అంతే, రేవు దాకా కబురు వెళ్ళింది. నాన్న భయపడినట్టు జరగలేదు. పాత పరుపులు తెచ్చినవాళ్ళు తమ పిల్లలకు కొత్తవి కొనుక్కుని వెళ్ళారు. పెద్ద హోటళ్ళు వచ్చాయి. ఊళ్ళో స్ప్రింగుల పరుపుల కొట్లు రెండు వచ్చి మూతపడ్డాయి, మాది నిలబడింది. ఇప్పటికీ మా పేరు చెప్తే జనం ముందు చెప్పేది ఈ పదేళ్ళ మాటే. ఎంత మంచి బుర్రో అని నాన్న చెల్లెల్ని పదిమందిలో మెచ్చుకుంటే, ఆమె మొహం తిప్పుకునేది.

నేను ఇరవై ఏళ్ళకు కార్ఖానాలో చేరాను, తాత పోయాక. అత్త విప్పుతుంటే చూసేదాన్ని. ముందు అరచేత్తో పరుపంతా తడిమేది, కళ్ళు మూసుకుని. మనుషులు పడుకున్న చోట గుంటలుంటాయి. వాటిని బట్టి చెప్పేసేది. "ఈయనకి కుడి తుంటి నొప్పి." "ఇక్కడ ఒక పిల్ల మధ్యలో పడుకునేది, ఇప్పుడు లేదు." ఒకసారి మధ్యలో గట్టులా లేచిన పరుపు వస్తే, "వీళ్ళిద్దరూ చాలా ఏళ్ళుగా మాట్లాడుకోవడం లేదు" అంది. ఆ దంపతులు అక్కడే ఉన్నారు. ఆవిడ ఆయన వంక చూసింది, ఆయన గోడ వంక చూశాడు. తడమడం అయ్యాక కుట్లు విప్పి, లోపలి వెంట్రుకలను గుప్పెడు గుప్పెడుగా తీసి, ప్రతి గుప్పెడూ వేళ్ళతో విడదీసి చూసేది. మిషను ఉందిగా అంటే వినిపించుకునేది కాదు.

నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు ఒక పొడుగాటి ఆవిడ వ్యానులో జంట పరుపు తెచ్చింది. అరవై దాటి ఉంటాయి. "మా పెళ్ళికి మా నాన్న రేవులో కొన్నాడు. ఎన్నిసార్లు కబురొచ్చినా మా ఆయన విప్పనివ్వలేదు, అలవాటైపోయింది అని. ఆయన పోయి ఏడాదయింది. దీని మీద ఒక్కదాన్నే పడుకుంటే మైదానంలో పడుకున్నట్టుంది. వెడల్పు సగానికి తగ్గించి ఇవ్వండి" అంది.

ఆవిడ వెళ్ళాక అత్త పరుపు తడిమింది. తలవైపు ఎడమ పక్కన చెయ్యి ఆగింది. చాలాసేపు అక్కడే ఉంచింది. తర్వాత చుట్టూ కుట్లు విప్పకుండా సరిగ్గా అక్కడే పైగుడ్డ కోసింది. అలా ఎప్పుడూ చేసేది కాదు.

గోధుమరంగు వెంట్రుకల మధ్య నల్లటి జడ. ఒక్క పాయ కూడా చెదరలేదు. రిబ్బను మాత్రం రంగు పోయి టీ నీళ్ళ రంగుకు వచ్చింది.

"ఉంది" అంది అత్త.

కత్తెర బల్ల మీద పెట్టి నేల మీద కూర్చుండిపోయింది. నేను పరుగెత్తి నాన్ననూ నూలు మామయ్యనూ పిలుచుకొచ్చాను. అప్పుడు చెప్పింది మొత్తం. ఏడవలేదు. ఎవరిదో కథ చెప్పినట్టు వరసగా చెప్పింది. మామయ్య ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. నాన్న తన రెండు అరచేతులూ చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఆ పరుపు నింపింది నేను. నా చేతికి తగలాలి కదా" అన్నాడు. ఆ మాట ఆయన తర్వాత కూడా చాలాసార్లు అన్నాడు, ఏ సంబంధమూ లేని సమయాల్లో, అన్నం తింటూ కూడా.

పరుపు తెచ్చినావిడకు చెప్పొద్దన్నాడు నాన్న. "చనిపోయిన పిల్ల జుట్టు మీద నలభై ఏళ్ళు పడుకున్నారని చెప్తే మనింటి గడప ఎవరు తొక్కుతారు?"

"ఒకసారి నోరు మూసుకున్నాను అన్నయ్యా. చాలు" అంది అత్త.

ఆవిడ వచ్చి అంతా విని వెళ్ళిపోయింది. సగానికి తగ్గించిన పరుపు మనుషుల్ని పంపి తెప్పించుకుంది. పదో రోజున మళ్ళీ తనే వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నా పక్కన, తలగడ కింద ఒక గడ్డలా ఉండేది. పెళ్ళయిన కొత్తలో ఒత్తుకునేది. తర్వాత దాని మీద చెయ్యి వేసుకుంటేనే నిద్రపట్టేది. నా మొదటి బిడ్డ దక్కనప్పుడు అలాగే పడుకున్నాను. మా ఆయన పోయినప్పుడూ అంతే. ఇప్పుడు చెయ్యి వేస్తే చదునుగా ఉంది." అత్త చేతుల వంక చూసింది. "మళ్ళీ అందులో పెట్టి ఇవ్వగలరా?"

అత్త తల దించుకుంది. "ఇది దాచమని అడిగిన మనిషి వేరే ఉందండీ" అంది. ఆవిడ తలాడించి వెళ్ళింది. గుమ్మం దగ్గర తన ఫోను నంబరు కాగితం మీద రాసి నా చేతిలో పెట్టింది.

ఆ వారమే అత్త నన్ను వెంటబెట్టుకుని సవరాలు కట్టే ఆమె దగ్గరికి వెళ్ళింది. ఆమె జడ విప్పి, కడిగి, ముక్కు దగ్గర పెట్టుకుని, "చిన్నపిల్ల జుట్టు. ఎవరిది?" అంది.

"మా అక్కది."

ఆమె అత్త మొహం చూసి, దారం అందుకుంది. సవరం కట్టాక పొడవు సరిచూద్దామని అత్త జుట్టుకే కలిపి అల్లింది. నెరిసిన తల, దాని కింద నడుము దాటిన నిగనిగలాడే నల్లని జడ. వెనక నడుస్తూ నాకు చూపు తిప్పుకోవాలనిపించింది. అత్త దాన్ని తీయకుండానే మా ఇంటికి వచ్చింది.

నాయనమ్మకు అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్ళు. కళ్ళకు పొర కమ్మి ఆకారాలు మాత్రం తెలిసేవి. వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. అత్త అటు తిరిగి వంగి చెప్పులు విప్పుకుంటోంది.

"పెద్దపాపా" అంది నాయనమ్మ. "జ్వరం తగ్గిందా?"

అత్త అలాగే వంగి ఉండిపోయింది. నేను నోరు తెరవబోతే చేత్తో వద్దని సైగ చేసింది.

"తగ్గిందమ్మా."

"జుట్టు మళ్ళీ వచ్చిందే."

"వచ్చింది."

"కాల్చెయ్యమన్నాను నేను. నీకు కోపం రాలేదు కదా?"

"రాలేదమ్మా."

"చిన్నపాప ఏదీ?"

"కార్ఖానాలో ఉంది. వస్తుంది."

అలా మొదలైంది. మధ్యాహ్నం భోజనం వేళకు సవరం పెట్టుకుని వెళ్తే నాయనమ్మకు ఆమె పెద్దపాప. సాయంత్రం తీసేసి వెళ్తే చిన్నపాప. "ఇందాక అక్క వచ్చింది, కలిశావా?" అని నాయనమ్మ అడిగేది. కలిశానని అత్త చెప్పేది. పనివాళ్ళు కొందరికి ఇది నచ్చలేదు. సవరంతో ఆమె కార్ఖానా దాటుతుంటే ఇద్దరు ముసలి పనివాళ్ళు సూదులు కిందపెట్టి లేచి నిలబడేవారు. వాళ్ళు పెద్దపాపను చూసినవాళ్ళు. ఇది మంచిది కాదని నాన్న అంటే, మామయ్య తన నూలు లెక్కలోనే, "ముసలావిడకి ఒక నూలు తగ్గింది, సరిపెడుతోంది. పోనీండి బావా" అన్నాడు.

నేను పక్కన ఉండగానే ఒక మధ్యాహ్నం నాయనమ్మ, పెద్దపాప అనుకున్న మనిషి చెయ్యి పట్టుకుని చెప్పింది. "చిన్నది ఎప్పుడూ ఏదో దిగులుగా ఉంటుంది. చిన్నప్పటినుంచీ అంతే. నాకు చెప్పదు. నువ్వైనా అడుగు."

"అడుగుతానమ్మా."

మర్నాడు గుర్తుపెట్టుకుని మరీ అడిగింది. "అడిగావా?"

"అడిగాను."

"ఏమంది?"

అత్త నాయనమ్మ కొంగు సర్దింది. "ఇదివరకు ఉండేదట. ఇప్పుడు ఏం లేదంది."

నాయనమ్మ ఏడాదిన్నర తర్వాత నిద్రలోనే పోయింది. ఆ తర్వాత అత్త సవరం పెట్టుకోలేదు. ఉదయం దువ్వెనల దగ్గర పెదాలు కదపడం కూడా మానేసింది. ఏమీ వినిపించడం లేదా అని ఒకసారి అడిగాను. "వినిపించడం లేదు. అదే, ఏమీ తోచడం లేదు" అంది. నలభై ఏళ్ళు రోజూ పలకరించిన మనిషి ఉన్నట్టుండి రాకపోతే ఎలా ఉంటుందో ఆమె మొహంలో కనిపించేది. విప్పే బల్ల నాకు అప్పగించి, తను తలగడల దగ్గర కూర్చుంది. విసురుగా ఉండేది. దారం తెగితే దారాన్ని తిట్టేది.

ఒకరోజు పొడుగావిడ నంబరు ఉందా అని అడిగింది. ఫోను చేసి, మర్నాడు ఇద్దరం బస్సులో వెళ్ళాం. ఆవిడ పెద్ద ఇల్లు అమ్మేసి మూడో అంతస్తులో రెండు గదుల్లో ఉంటోంది. మేం సగానికి తగ్గించిన పరుపు కిటికీ పక్కన మంచం మీద ఉంది. అత్త గుడ్డసంచిలోంచి సవరం తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"అడిగిన మనిషికి అందిపోయింది. ఇంక మీ దగ్గర ఉండనివ్వండి."

ఆవిడ దాన్ని అరచేతిలోకి తీసుకుని, వేళ్ళు ముడిచి, కళ్ళు మూసుకుంది. అత్త పరుపు తడిమినట్టే ఉంది ఆ వాలకం. తర్వాత కళ్ళు తెరిచి జడను సంచి మీద మెల్లగా పెట్టింది.

"నా చేతికి తెలిసింది ఇది కాదు" అంది. "అది బిగుసుకుపోయి ముద్దగా ఉండేది. మీరు విప్పి దువ్వారు."

ఎవరి తప్పూ లేదు. ముగ్గురం టీ తాగాం. పరుపు ఎలా ఉందని అత్త అడిగింది, బాగానే ఉందని ఆవిడ చెప్పింది. వచ్చేటప్పుడు మెట్ల దాకా వచ్చి, అప్పుడప్పుడూ రమ్మంది. అత్త సరేనంది. మాట నిలబెట్టుకుంది కూడా, మోకాళ్ళు మొరాయించేదాకా నెలకోసారి వెళ్ళి, పెద్దగా ఏమీ మాట్లాడకుండా కూర్చుని వచ్చేది.

ఆ రోజు తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. సంచి ఒళ్ళో ఉంది. సగం దారిలో, "అక్క ఉంటే ఇప్పుడు ఎన్నేళ్ళే?" అంది.

"యాభై తొమ్మిది ఉంటాయేమో అత్తా."

"జుట్టు నెరిసిపోయేది."

"అవును."

"పలచబడేది కూడా. మా అమ్మది అలాగే పలచబడింది." సంచిలోకి ఒకసారి చూసి పెదవి విరిచింది. "ఇది తనకి కూడా నప్పేది కాదు" అంది, అక్కడే ఉన్న మనిషి గురించి చెప్పినట్టు.

బస్సు మా వీధి మలుపు దగ్గర ఆగింది. లేవమన్నాను. వినిపించుకోలేదు. కండక్టరు రెండోసారి పిలిచాక లేచింది.